ఒకే చిరునామా, మూడు గుమ్మాలు

(అమ్రోలిలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను "కంప్యూటర్ల గురించి ఏవైనా నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చేసిన ఒక చెడ్డ పని గురించి చెబుతాను. అది ఒక వెబ్ సర్వర్ మీద, ఒక చిన్న ఫైలు తీసెయ్యడం వల్ల జరిగింది. దాని వల్ల ఈ హాల్లో కూర్చున్న కొందరి వివరాలు పదకొండు రోజులు బజార్న పడ్డాయి. అప్పట్లో ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకున్నాను గానీ అసలు ఏం జరిగిందో విడమరిచి చెప్పే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది.

ముందు నా సంగతి. నాది శ్రీకాకుళం జిల్లా. సిగ్నల్స్‌లో 24 ఏళ్ళు చేసి 2009లో బయటికొచ్చాను. మా వాడు సూరత్‌లో ఎంబ్రాయిడరీ పనిలో ఉండడంతో తాపీ నదికి ఉత్తరాన ఈ అమ్రోలిలో స్థిరపడ్డాం. సూరత్‌లో తెలుగు వాళ్ళంటే అందరికీ లింబాయత్, ఉధ్నా వైపు పద్మశాలీ కుటుంబాలే గుర్తుకొస్తాయి. అమ్రోలిలో మగ్గాల దగ్గర వినిపించేది ఎక్కువగా ఒడియా, అందులోనూ గంజాం ఒడియా. ఇచ్ఛాపురం దగ్గర పుట్టినవాడికి గంజాం పరాయి దేశం కాదు కదా, నాకు ఊసుపోవడానికి ఇబ్బంది లేకపోయింది. పగలూ రాత్రీ మగ్గాల చప్పుడు. జనరేటర్ల చప్పుడు పక్కన నిద్రపోయిన సిగ్నల్స్ వాడికి అదేమీ కొత్త కాదు.

ఖాళీగా ఉన్నాను కదా అని మన సంఘం వెబ్‌సైటు నా నెత్తికెత్తారు. నెలవారీ అద్దెకు ఒక సర్వర్ తీసుకున్నాం. దానికి ఒకే ఒక్క ఐపీ చిరునామా. దాని మీద మూడు సైట్లు పెట్టాను. ఒకటి సంఘం సైటు, అందరూ చూసేది. రెండోది సభ్యుల రిజిస్టరు, కార్యవర్గం మాత్రమే చూడాల్సింది. మూడోది మా వీధిలో ఒక చీరల వ్యాపారిది. ఆయన సర్వర్ అద్దెలో సగం భరిస్తానన్నాడు, సంఘానికి డబ్బు కలిసొస్తుందని ఒప్పుకున్నాను. ఇలా ఒకే యంత్రం మీద, ఒకే చిరునామా మీద వేర్వేరు పేర్లతో సైట్లు నడపడాన్నే వర్చువల్ హోస్టింగ్ అంటారు.

ఈ మాట వినగానే కొందరి ముఖాలు మారాయి. భయపడకండి, ఇది మీకు ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచీ తెలిసిన విషయమే. ఇంటి నుంచి మీకు ఉత్తరం ఏ చిరునామాకి వచ్చేది? నంబరు, పేరు, యూనిట్ పేరు, కింద కేరాఫ్ 56 ఏపీవో. తూర్పు వైపు ఉన్నవాళ్ళకి 99 ఏపీవో. నేవీ వాళ్ళకి ఓడ పేరు, కింద ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. లేహ్‌లో ఉన్నవాడికీ, రాజస్థాన్ ఇసుకలో ఉన్నవాడికీ అదే 56 ఏపీవో. మరి ఉత్తరం సరైన చోటికి ఎలా చేరేది? యూనిట్ పేరు చూసి. కవరు మీద యూనిట్ పేరు రాయకుండా ఉట్టి 56 ఏపీవో అని రాస్తే మన తపాలా వాళ్ళు కూడా ఏమీ చెయ్యలేరు.

ఇక్కడా అంతే. ఐపీ చిరునామా అంటే 56 ఏపీవో. బ్రౌజరు పంపే ప్రతి అభ్యర్థనలో హోస్ట్ అనే ఒక వరుస ఉంటుంది. మీరు పైన టైపు చేసిన పేరు అందులో ఉంటుంది. అదే యూనిట్ పేరు. సర్వర్ ఆ వరుస చదివి ఏ సైటు ఇవ్వాలో నిర్ణయించుకుంటుంది. మొదట్లో ఈ వరుస తప్పనిసరి కాదు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నిబంధనల్లో దాన్ని తప్పనిసరి చేశారు, అది లేకపోతే సర్వర్ 400 తప్పు చూపించి తిప్పి పంపాలి అన్నారు. అంతకుముందు ఒక్కో సైటుకి ఒక్కో చిరునామా ఇచ్చుకుంటూ పోయేవాళ్ళు. పాత పద్ధతి చిరునామాలు మొత్తం 429 కోట్ల పైచిలుకే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి ఖజానాలో చివరి భాగాలు కూడా పంచేశారు. కాబట్టి నాలాంటి పింఛనుదారుడు మూడు సైట్లకు మూడు చిరునామాలు కొనే ప్రశ్నే లేదు.

సరే, తప్పు దగ్గరికి వస్తాను.

2014లో సర్వర్‌ని కొత్త ఉబుంటుకి మార్చాను. అందులో అపాచీ 2.4 వచ్చింది. ఉబుంటులో ఒక్కో సైటుకి ఒక్కో కాన్ఫిగరేషన్ ఫైలు ఉంటుంది, అవన్నీ ఒక డైరెక్టరీలో ఉంటాయి. దానితో పాటు మూడు సున్నాలతో మొదలయ్యే డిఫాల్ట్ అనే ఫైలు ఒకటి తయారుగా వస్తుంది. నేను చూశాను. సంఘానికి ఒక ఫైలు ఉంది, రిజిస్టరుకి ఒకటి, చీరలకి ఒకటి. మరి ఈ సున్నాల ఫైలు ఎందుకు? పని లేని సామాను స్టోర్లో ఉండకూడదన్నది మనకి అలవాటైన బుద్ధి. నవంబరులో ఒక ఆదివారం దాన్ని తీసేసి, అపాచీని రీలోడ్ చేసి, మూడు సైట్లూ తెరిచి చూశాను. మూడూ బ్రహ్మాండంగా తెరుచుకున్నాయి. టీ తాగి పడుకున్నాను.

పదకొండు రోజుల తరవాత పలాస నుంచి ఫోన్. మా పాత హవల్దారు భార్య. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. నవంబరు కదా, లైఫ్ సర్టిఫికెట్‌కి ఏమేం కాగితాలు కావాలో మన సైట్లో పెట్టాం, అది చూడబోయింది.

"అన్నయ్యగారూ, మన సైటు తెరిస్తే మనవాళ్ళందరి పేర్లూ, ఫోన్లూ, పింఛను నంబర్లూ వస్తున్నాయండి" అంది.

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "లేదు చెల్లెమ్మా, నీ ఫోన్లో ఏదో తేడా ఉంది, ఎవరైనా కుర్రాళ్ళకి చూపించు" అన్నాను. నేను ఎదురుగా నా కంప్యూటర్లో తెరిచే చూశాను మరి! చక్కగా సంఘం సైటే వచ్చింది. ఆవిడ వదల్లేదు. "మా ఆయన పేరు పక్కన నంబరు చదవమంటారా?" అని గడగడా చదివింది. నా ఒళ్ళు చల్లబడిపోయింది. అది రిజిస్టరు.

తేడా ఎక్కడుంది? నేను ఎప్పుడూ పేరుకి ముందు మూడు డబ్ల్యూలు కొట్టి తెరుస్తాను. ఆవిడ కొట్టలేదు. సర్వర్‌కి ఈ రెండూ వేర్వేరు పేర్లు. సంఘం ఫైల్లో సర్వర్‌నేమ్ అనే వరుసలో నేను డబ్ల్యూలతో ఉన్న పేరు ఒక్కటే రాశాను. రెండో పేరు సర్వర్ ఎలియాస్ అనే వరుసలో రాయాలి, రాయలేదు. అంటే డబ్ల్యూలు లేకుండా వచ్చిన ఉత్తరం మీద యూనిట్ పేరు మా జాబితాలో లేదన్నమాట.

జాబితాలో లేని పేరుతో ఉత్తరం వస్తే మన తపాలా వాళ్ళయితే తిప్పి పంపుతారు. అపాచీ తిప్పి పంపదు. తన జాబితాలో మొట్టమొదట ఏ సైటు ఉంటే దానికి ఇచ్చేస్తుంది. మొట్టమొదట అంటే ఏది? ఫైళ్ళు అక్షర క్రమంలో చదువుతుంది. మూడు సున్నాల ఫైలు ఉన్నన్నాళ్ళూ అదే మొదటిది. అది చూపించే డైరెక్టరీలోనే నేను సంఘం సైటు పెట్టాను. కాబట్టి ఎలియాస్ రాయని తప్పు ఎన్నాళ్ళ నుంచో ఉన్నా పైకి తెలియలేదు. డబ్ల్యూలు లేకుండా వచ్చినవాళ్ళు కూడా దొడ్డిదారిన సంఘం సైటుకే చేరారు. సున్నాల ఫైలు తీసేశాక మిగిలిన మూడింటిలో ఇంగ్లీషు అక్షర క్రమంలో ముందొచ్చేది సభ్యుల రిజిస్టరు ఫైలు. మెంబర్స్ అని ఎమ్ అక్షరంతో పేరు పెట్టాను. సంఘం ఎస్, చీరలు టెక్స్‌టైల్ కాబట్టి టీ. దేశంలో ఎవరు ఏ తప్పు పేరు కొట్టినా, పేరే లేకుండా ఉట్టి ఐపీ కొట్టినా, సర్వర్ సభ్యుల రిజిస్టరు తీసి చేతిలో పెట్టింది.

రిజిస్టరుకి పాస్‌వర్డు లేదా అని మీరడగాలి. లేదు. ఆ పేరు కార్యవర్గంలో ఐదుగురికి తప్ప ఎవరికీ తెలియదు కదా, ఇక తాళం ఎందుకు అనుకున్నాను. ఇది మన దళాల్లో పని చేసినవాడు అనుకోవాల్సిన మాట కాదు.

ఇంకా పెద్ద తప్పు రిజిస్టరు లోపల ఉంది. సర్వీసులో ఉన్న సభ్యులకి యూనిట్ పేరు ఒక గడిలో, దాని పక్కనే ప్రస్తుతం ఉన్న ఊరు ఇంకో గడిలో పెట్టాను. పండుగలకి శుభాకాంక్షలు పంపడానికి, దగ్గర్లో ఉన్నవాళ్ళని కలపడానికి అని. 56 ఏపీవో ఎందుకు పెట్టారండీ? యూనిట్ ఎక్కడుందో కవరు చూసినవాడికి తెలియకూడదని. సైన్యం అంత జాగ్రత్తగా విడదీసి ఉంచిన రెండు విషయాల్ని నేను ఒకే వరుసలో పక్కపక్కన అచ్చు వేసి పెట్టాను. అది సర్వర్ తప్పు కాదు, నాది.

ఆ రోజు చేసిన పనులు వరసగా చెబుతాను. ముందు రిజిస్టరు సైటుని ఆపేశాను. కారణం వెతకడం తరవాత, కారుతున్న కుళాయి కట్టడం ముందు. తరవాత లాగ్ ఫైళ్ళని కాపీ తీసి దాచాను, అవి కొన్నాళ్ళకి వాటంతటవే చెరిగిపోతాయి. రిజిస్టరు సైటుకి విడిగా లాగ్ పెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. అందులో చూస్తే ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో ఊరికే ఐపీలు తట్టుకుంటూ తిరిగే యంత్రాలవి. కొన్ని మన సభ్యులవే, పాపం సంఘం సైటు అనుకుని వచ్చి, ఇదేదో అర్థం కాక వెళ్ళిపోయారు. ఒక సెర్చ్ ఇంజిన్ పేజీని పట్టుకెళ్ళింది, దాన్ని తీయించడానికి అర్జీ పెట్టాను, తీశారు. మిగిలిన యంత్రాలు ఏం చేసుకున్నాయో లాగ్ చెప్పదు. ఆ రాత్రే అధ్యక్షుల వారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత, "సర్వీసులో ఉన్నవాళ్ళకి ముందు చెప్పు, వాళ్ళు తమ ఆఫీసర్లకి చెప్పుకోవాలి" అన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. తిట్టినవాళ్ళున్నారు. తిట్టనివాళ్ళ దగ్గరే నాకు కష్టమైంది.

మూడో రోజు మా మేడ కింద మగ్గాల మేస్త్రీతో ఈ మాటే చెప్పుకున్నాను. గంజాం మనిషి, ముప్ఫై ఏళ్ళ నుంచి సూరత్‌లోనే ఉన్నాడు. అంతా విని, పేక పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది కదా, మీ మగ్గం ఆగదా అని అడిగాడు. ఆగదు నాయనా అన్నాను. దారం తెగినా పక్క కండెలోంచి ఏ రంగు దొరికితే ఆ రంగు తీసుకుని నేసుకుంటూ పోతుంది. చూసేవాడికి బట్ట వస్తూనే ఉంటుంది. ఆయన తల అడ్డంగా ఊపి, అలాంటి మగ్గం ఎందుకు కొన్నారండీ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మరి వెతకడం ఎలా? సిగ్నల్స్‌లో లైను పోతే ఏం చేస్తాం? రెండు చివర్లూ పట్టుకుని ఊహించం. ఒక చివర నుంచి మొదలుపెట్టి, ప్రతి జాయింటు దగ్గరా ఆగి పరీక్ష చేస్తాం. ఇక్కడా ఉత్తరం దారి పట్టుకుని నడవాలి.

మొదటి జాయింటు డీఎన్ఎస్. పేరు మన ఐపీకి చేరుతోందా అన్నది ఎన్ఎస్ లుకప్ కొడితే క్షణంలో తెలుస్తుంది. డబ్ల్యూలతో ఒకసారి, లేకుండా ఒకసారి చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. డీఎన్ఎస్‌లో పేరు రాస్తే సర్వర్‌కి కూడా తెలిసిపోతుంది అనుకుంటారు. కాదు, అవి రెండు వేర్వేరు పుస్తకాలు. దేనిలో రాయాల్సింది దానిలో రాయాలి. నా విషయంలో డీఎన్ఎస్‌లో రెండు పేర్లూ ఉన్నాయి, సర్వర్లో ఒకటే ఉంది. డీఎన్ఎస్‌లో కూడా లేకుండా ఉంటే ఆవిడకి సైటు తెరుచుకునేదే కాదు, అదే నయమయ్యేది.

డీఎన్ఎస్ మార్చకముందే పరీక్షించాలని మన కంప్యూటర్లోని హోస్ట్స్ ఫైల్లో పేరు, ఐపీ రాసుకునే పద్ధతి ఒకటుంది. మంచిదే. పని అయ్యాక ఆ వరుస తీసెయ్యాలి. నాకు తెలిసిన ఒకాయన మరిచిపోయాడు. సర్వర్ మారిన నెల తరవాత కూడా ఆయనకి పాత సైటే కనిపిస్తూ, ఊళ్ళో అందరితోనూ పోట్లాడాడు.

రెండో జాయింటు, యంత్రం వింటోందా అన్నది. 80 పోర్టు, 443 పోర్టు తెరిచి ఉన్నాయా, మధ్యలో ఫైర్‌వాల్ ఆపుతోందా. పేజీ ఏదో ఒకటి వస్తోంది అంటే ఇది బాగున్నట్టే, దాటి వెళ్ళండి.

మూడోదే అసలైనది. ఏ పేరుకి ఏ సైటు ఇస్తోంది? బ్రౌజరుని నమ్మకండి. అది పాత పేజీలు దాచుకుంటుంది, ఒకసారి శాశ్వత దారి మళ్ళింపు చూస్తే దాన్ని గుర్తు పెట్టుకుని మిమ్మల్ని అడక్కుండానే అటు తీసుకుపోతుంది. కర్ల్ అనే ఆదేశం వాడండి. దానితో మీ ఇష్టమొచ్చిన పేరు హోస్ట్ వరుసలో రాసి ఉత్తరం పంపవచ్చు. సరైన పేరుతో పంపి సరైన సైటు వచ్చిందని సంతోషించడం పరీక్ష కాదు. నేను ఆ ఆదివారం చేసింది అదే. తప్పు పేరుతో పంపి చూడాలి. ఉట్టి ఐపీతో పంపి చూడాలి. సెంట్రీని పరీక్షించేటప్పుడు సరైన పాస్‌వర్డు చెప్పి లోపలికి వెళ్ళి వస్తామా?

నాలుగోది సర్వర్నే అడగడం. అపాచీ సీటీఎల్ అనే ఆదేశం పక్కన మైనస్, క్యాపిటల్ ఎస్ కొట్టండి. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఈ రోజు నేను మాట్లాడిన ఖర్చు గిట్టినట్టే. మీరు ఏం రాశారన్నది కాదు, సర్వర్ మీ రాతని ఎలా అర్థం చేసుకుందో అది చూపిస్తుంది. ప్రతి పోర్టు కిందా ఏయే పేర్లు ఉన్నాయి, ఏది డిఫాల్ట్, ఎవరికి ఏ ఎలియాస్ ఉంది, అది ఏ ఫైల్లో ఎన్నో వరుసలో ఉంది, అన్నీ వస్తాయి. ఆ రోజు నేను అది కొట్టగానే మొదట కనిపించింది డిఫాల్ట్ సర్వర్ అన్న మాట, దాని పక్కన మా రిజిస్టరు పేరు. పదకొండు రోజుల ముందు ఆదివారం నాడు అర నిమిషం ఖర్చు చేసి ఉంటే సరిపోయేది.

ఆ జాబితాలో మీ సైటే లేదనుకోండి, అప్పుడు ఇంకో జబ్బు. పాత ఉబుంటు నుంచి కొత్తదానికి వచ్చినవాళ్ళకి ఇది తగిలింది. 2.4తో పాటు సైటు ఫైలు పేరు చివర చుక్క కాన్ఫ్ ఉంటేనే చదువుతుంది. లేకపోతే తప్పు చూపించదు, ఫిర్యాదు చెయ్యదు, ఆ ఫైలు లేనట్టే ఉంటుంది. అలాగే, 2.2 వరకూ నేమ్ వర్చువల్ హోస్ట్ అనే వరుస విడిగా రాయాల్సి వచ్చేది. 2012లో వచ్చిన 2.4 నుంచి దాని అవసరం లేదు. పాత పుస్తకాలు చూసి ఇంకా రాస్తున్నవాళ్ళున్నారు.

మరో చిక్కు ఉంది, ఇది కాస్త లోతైనది. వర్చువల్ హోస్ట్ మొదటి వరుసలో నక్షత్రం గుర్తు, 80 అని రాస్తాం, ఏ చిరునామా అయినా సరే అని అర్థం. కొందరు ఒక సైటుకి మాత్రం నక్షత్రం బదులు అసలు ఐపీ రాస్తారు. అపాచీ ముందు చిరునామాతో సరిపోల్చుతుంది, పేరుతో తరవాత. ఐపీ స్పష్టంగా రాసిన సైటు ఉంటే ఆ గదిలోకే వెళుతుంది, అక్కడున్న పేర్లే చూస్తుంది. నక్షత్రం గదిలో మీ పేరు ఎంత సరిగ్గా ఉన్నా అటు తొంగి చూడదు. అందుకే అన్నీ ఒకే రకంగా రాయండి. అన్ని సైట్లకీ ఒకే సైటు వస్తోంది, పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి అని ఎవరైనా తల పట్టుకుంటే, నూటికి ఎక్కువసార్లు నేను ముందు చూసేది ఇదే.

సరైన సైటే వస్తోంది గానీ 403 అంటోందా? అప్పుడు వర్చువల్ హోస్ట్ జోలికి వెళ్ళకండి, ఉత్తరం సరైన గుమ్మానికి చేరింది, తలుపు తియ్యడం లేదు, అంతే. డైరెక్టరీకి రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ ఉందా, పైనుంచి కింది దాకా ప్రతి డైరెక్టరీ లోపలికి నడిచే అనుమతి ఉందా, రెడ్‌హ్యాట్ రకం అయితే ఎస్ఈలినక్స్ ముద్ర సరిగ్గా ఉందా చూడండి. ఎర్రర్ లాగ్ చదివితే కారణం చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది. కోపంతో 777 ఇచ్చెయ్యకండి. అది గేటు పీకేసి కాపలా సమస్య తీరిందనుకోవడం.

ఇక తాళం వేసిన సైట్ల సంగతి, అంటే హెచ్‌టీటీపీఎస్. లక్క ముద్ర వేసిన కవరు అనుకోండి. యూనిట్ పేరు లోపలి కాగితం మీద ఉంటుంది. ఏ సైటు సర్టిఫికెట్ చూపించాలో సర్వర్‌కి తెలియాలంటే పేరు చదవాలి, పేరు చదవాలంటే ముద్ర విప్పాలి, ముద్ర విప్పాలంటే సర్టిఫికెట్ ముందే చూపించాలి. ఈ చిక్కుముడి వల్లే చాలాకాలం ఒక్కో తాళం సైటుకి ఒక్కో ఐపీ కావాల్సి వచ్చింది. ఎస్ఎన్ఐ అనే ఏర్పాటు వచ్చి, పేరుని కవరు పైన కూడా రాయించింది. అపాచీకి ఇది 2009లో, 2.2.12తో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మాత్రం చివరిదాకా రాలేదు, మా తరం ఆఫీసుల్లో ఉన్నవి అవే కంప్యూటర్లు. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు అందరికీ తెరిచాక మాకూ తాళం వచ్చింది.

జాగ్రత్త ఏమిటంటే, 80కి ఒక మొదటి సైటు ఉన్నట్టే 443కి విడిగా ఇంకో మొదటి సైటు ఉంటుంది. 80 దగ్గర సెంట్రీని పెట్టి 443 దగ్గర మరిచిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. అక్కడ సర్టిఫికెట్లో లేని పేరుతో వస్తే బ్రౌజరు హెచ్చరిక చూపిస్తుంది. జనానికి అది చికాకు. నాకైతే పేక తెగితే ఆగే మగ్గంలా కనిపిస్తుంది.

సంఘానికి తెలుగులోనే చుక్క భారత్ పేరు తీసుకుందామని గత సమావేశంలో ఒక సభ్యుడు అడిగారు. తీసుకోవచ్చు. కాకపోతే సర్వర్‌నేమ్‌లో తెలుగు అక్షరాలు రాస్తే కుదరదు. బ్రౌజరు ఆ పేరుని ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల రూపంలోకి మార్చి పంపుతుంది. సర్వర్లో ఆ రూపమే రాయాలి. లేకపోతే మళ్ళీ కథ మొదటికే, జాబితాలో లేని పేరు, మొదటి సైటుకి పోతుంది.

ఇప్పుడు మా సర్వర్లో మూడు సున్నాల ఫైలు మళ్ళీ ఉంది. 80కి ఒకటి, 443కి ఒకటి. అది ఏ సైటునీ చూపించదు. ఖాళీ డైరెక్టరీ, రిక్వైర్ ఆల్ డినైడ్. తెలియని పేరుతో ఎవరొచ్చినా 403 చూసి వెళ్ళిపోతారు. ఎంజిన్ఎక్స్ వాడేవాళ్ళకి కూడా ఇదే జబ్బు, ఇదే మందు. అక్కడ డిఫాల్ట్ సర్వర్ అని స్పష్టంగా రాసి, 444 ఇస్తే జవాబే చెప్పకుండా తలుపు వేసేస్తుంది. సంఘం ఫైల్లో ఎలియాస్ రాశాను. రిజిస్టరు ఇంటర్నెట్ మీద లేదు. కార్యదర్శి గారి దగ్గర, తాళం వేసిన బీరువాలో, ఒక పెన్ డ్రైవ్‌లో ఉంది. ఊరి గడి తీసేశాం. సర్వీసులో ఉన్న సోదరులారా, మీకు మా శుభాకాంక్షలు ఇప్పుడు 56 ఏపీవోకే వస్తాయి, కాస్త ఆలస్యమైతే కోప్పడకండి.

పలాస చెల్లెమ్మ ఈ సారి సమావేశానికి వచ్చింది, అదిగో మూడో వరసలో కూర్చుంది. కొత్తగా ఏ మార్పు చేసినా ముందు ఆవిడకే ఫోన్ చేసి తెరిచి చూడమంటాను. ఇప్పటికీ డబ్ల్యూలు కొట్టదు.

ప్రొజెక్టరు సిద్ధంగా ఉందట. లైట్లు ఆర్పండి. సర్వర్ తెర మీద తెరుస్తున్నాను. మీలో ఎవరైనా ఒక తప్పు పేరు చెప్పండి, ఏదైనా సరే, కొట్టి చూద్దాం.